అమీర్‌పేటలో దొరకనిది: తొలి ఏడాది అనుభవం

గ్రూప్–4 పోస్టులు 8,180. దరఖాస్తులు 9,51,321. తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ 2022 చివర్లో ఇచ్చిన ఆ ఒక్క నోటిఫికేషన్‌లోనే పోస్టుకు 116 మంది పోటీపడ్డారు. గ్రూప్–2లో 783 పోస్టులకు 5.51 లక్షల మంది, అంటే పోస్టుకు 700 పైచిలుకు. 2024 గ్రూప్–1లో 563 పోస్టులకు 4.03 లక్షల మంది, పోస్టుకు 716 మంది. వాళ్లలో ప్రిలిమ్స్ గట్టెక్కి మెయిన్స్‌కు అర్హత పొందింది 31,382 మంది.

ఈ పరీక్షలకు చదివేవాళ్లు అశోక్‌నగర్, చిక్కడపల్లి వైపు గదులు చూసుకుంటారు. కంప్యూటర్ కోర్సుల వాళ్లు అమీర్‌పేట మెట్రో దిగి మైత్రీవనం వైపు నడుస్తారు. రెండు చోట్లా కనిపించేది అవే ఊళ్ల పిల్లలు: నల్లగొండ, మహబూబ్‌నగర్, వరంగల్, ఖమ్మం, సరిహద్దు దాటితే కర్నూలు, గుంటూరు, శ్రీకాకుళం. అన్న అశోక్‌నగర్‌లో, చెల్లెలు ఎస్సార్ నగర్ హాస్టల్లో ఉండే ఇళ్లు తక్కువేం కాదు. అన్న దరఖాస్తు ఆ 9,51,321లో ఒకటి. చెల్లెలు మాత్రం ఏ సర్కారీ పట్టికలోనూ కనబడదు. ఏ కోర్సు నేర్చుకుందో, ఎంత ఫీజు కట్టిందో, ఆర్నెల్ల తర్వాత ఏ పనిలో ఉందో అడిగేవాళ్లు లేరు.

స్థానికులకు ఉద్యోగాలు అన్న మాట వచ్చినప్పుడల్లా ప్రభుత్వాలు మూడు రకాల అంకెలు చూపిస్తాయి. ఎన్ని పోస్టులు, ఎంత శాతం వాటా, ఎంతమందికి శిక్షణ. ఈ మూడింటినీ బేగంపేట, పంజాగుట్ట, అమీర్‌పేటల్లో నిలబడి చూస్తే ఏం తేలుతుందన్నదే ఈ కథనం. నాలుగో అంకె కూడా ఒకటుంది. అది 1961 నాటి చట్టం కిందికి వస్తుంది. నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది అదే, కానీ మొదటి మూడూ చూస్తే తప్ప దాని విలువ తెలియదు.

15 ఏళ్ల నివాసం నుంచి 95 శాతం దాకా

హైదరాబాద్‌లో స్థానికుల ఉద్యోగాల గొడవకు నూరేళ్లు దాటాయి. 1919లో నిజాం ఫర్మానాతో వచ్చిన ముల్కీ నిబంధనలు 15 ఏళ్లు ఇక్కడ నివాసం ఉన్నవాళ్లనే సర్కారు కొలువుకు అర్హులుగా చూశాయి. 1952 సెప్టెంబరులో నాన్ ముల్కీ గో బ్యాక్ అంటూ విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు, సిటీ కాలేజీ దగ్గర కాల్పులు జరిగాయి. 1956 ఫిబ్రవరి 20న పెద్దమనుషుల ఒప్పందం, 1957లో పార్లమెంటు చేసిన నివాస అర్హత చట్టం, 1969 మార్చిలో ఆ చట్టంలోని కీలక సెక్షన్‌ను సుప్రీంకోర్టు కొట్టేయడం, అదే ఏడాది తెలంగాణ ఉద్యమం. 1972 అక్టోబరు 3న ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు చెప్పగానే అటువైపు జై ఆంధ్ర ఉద్యమం లేచింది. కోర్టు ఒక మాటంటే ఒక ప్రాంతం, ఇంకో మాటంటే ఇంకో ప్రాంతం మండింది. ఆ మంటల్లో ఎందరో యువకుల ప్రాణాలు పోయాయి.

1973లో ఆరు సూత్రాల పథకం, 32వ రాజ్యాంగ సవరణ, 371–డి అధికరణం వచ్చాయి. 1975 రాష్ట్రపతి ఉత్తర్వు రాష్ట్రాన్ని ఆరు జోన్లుగా విడగొట్టి వాటాలు తేల్చింది. జిల్లా స్థాయి కింది ఉద్యోగాల్లో 80 శాతం, జోనల్ ఉద్యోగాల్లో 70 శాతం, నిర్దేశించిన గెజిటెడ్ పోస్టుల్లో 60 శాతం స్థానికులకు. పైకి వెళ్లేకొద్దీ వాటా ఎలా తగ్గిందో గమనించండి. ఈ మాట మళ్లీ అవసరపడుతుంది.

ఉత్తర్వు రాసినంత మాత్రాన అమలు కాలేదు. తప్పు జోన్లలో చేరినవాళ్లను 1986 మార్చి 31లోగా సొంత జోన్లకు పంపాలంటూ 1985 డిసెంబరు 30న 610 జీవో ఇవ్వాల్సి వచ్చింది. పదిహేనేళ్లు గడిచినా అది తేలక 2001లో గిర్‌గ్లానీ కమిషన్ వేశారు. 2009 అక్టోబరు 9న పోలీసు నియామకాల విషయంలో హైదరాబాద్ స్థానిక వాటా వర్తించని ఫ్రీ జోన్ అని సుప్రీంకోర్టు చెప్పింది. యాభై రోజులు తిరిగేసరికి, నవంబరు 29న కేసీఆర్ నిరాహార దీక్ష మొదలైంది. ప్రత్యేక రాష్ట్రం వైపు కథ మళ్లిన మలుపుల్లో అదొకటి. ఉద్యోగంలో స్థానికత అన్నది ఇక్కడ ఆఫీసు ఫైలు వ్యవహారం కాదనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

రాష్ట్రం వచ్చాక 2018 ఆగస్టులో కొత్త రాష్ట్రపతి ఉత్తర్వు వెలువడింది. ఏడు జోన్లు, రెండు మల్టీజోన్లు, అన్ని స్థాయిల్లోనూ 95 శాతం స్థానికులకే. స్థానికతను తేల్చే కొలత కూడా మారింది. పాత ఉత్తర్వు పదో తరగతితో ముగిసే నాలుగేళ్ల చదువును చూసేది. కొత్తది ఒకటి నుంచి ఏడో తరగతి లోపు నాలుగేళ్లు ఎక్కడ చదివారో చూస్తుంది. ఎనిమిదో తరగతిలో హైదరాబాద్ వచ్చి, బల్కంపేటలో పెరిగి, ఇక్కడే డిగ్రీ చేసిన అమ్మాయి ఈ లెక్కన హైదరాబాద్ జిల్లాకు స్థానికురాలు కాదు, అచ్చంపేటకో ఆసిఫాబాద్‌కో స్థానికురాలు. బోనఫైడ్ సర్టిఫికెట్ల కోసం పాత బళ్ల చుట్టూ తిరిగినవాళ్లకు ఇది బాగా తెలుసు.

సరే, 95 శాతం. ఎన్నింటిలో 95 శాతం?

బిస్వాల్ నేతృత్వంలోని వేతన సవరణ కమిషన్ లెక్క ప్రకారం తెలంగాణలో మంజూరైన ప్రభుత్వ పోస్టులు 4,91,304. పనిచేస్తున్నవాళ్లు 3,00,178 మంది. అంటే 39 శాతం ఖాళీ. 2022 మార్చి 9న అసెంబ్లీలో భర్తీకి ప్రకటించిన ఖాళీలు 80,039. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ రాష్ట్రంలో మూడున్నర కోట్ల మంది ఉన్నారు. పనిచేస్తున్న ప్రభుత్వ ఉద్యోగులు ఆ జనాభాలో 1 శాతం లోపే.

ఇప్పుడు రెండో వైపు చూడండి. హైదరాబాద్ కేంద్రంగా నడిచే రాష్ట్ర ఐటీ రంగంలో 2013–14లో 3.23 లక్షల ఉద్యోగాలుండేవి. 2023–24 నాటికి 9.46 లక్షలయ్యాయి. పదేళ్లలో 6.2 లక్షలు పెరిగాయి, ఏడాదికి సగటున 62 వేలు. రాష్ట్రమంతా ఊపిరి బిగబట్టి ఎదురుచూసిన 80 వేల ఖాళీలు ఐటీలో ఏడాదీ నాలుగు నెలల పెరుగుదలతో సమానం. ఆ ఐటీ ఉద్యోగాల్లో స్థానికుల వాటా ఎంతన్నది ఏ రాష్ట్రపతి ఉత్తర్వు పరిధిలోకీ రాదు. నూరేళ్ల పోరాటమంతా చిన్న రాశి చుట్టూ తిరిగింది.

75, 70, 60

పెద్ద రాశి మీద చేయి వేయాలని ప్రభుత్వాలు ప్రయత్నించకపోలేదు. 2019 జులైలో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలని చట్టం చేసింది. దేశంలో అలాంటి చట్టం చేసిన మొదటి రాష్ట్రం అదే. ఉన్న పరిశ్రమలకు మూడేళ్ల గడువిచ్చింది. నైపుణ్యమున్న స్థానికులు దొరక్కపోతే ప్రభుత్వంతో కలిసి శిక్షణ ఇచ్చి తీసుకోవాలంది. హర్యానా కూడా 75 శాతమే అంది, నెల జీతం 30,000 లోపున్న ఉద్యోగాలకు. ఆ చట్టాన్ని 2023 నవంబరు 17న పంజాబ్–హర్యానా హైకోర్టు కొట్టేసింది. 2024 జులైలో కర్ణాటక మేనేజ్‌మెంట్ పోస్టుల్లో 50 శాతం, మిగతావాటిలో 70 శాతం అంటూ బిల్లు తెచ్చి, పరిశ్రమల నుంచి వ్యతిరేకత రాగానే రోజుల్లోనే పక్కన పెట్టింది.

ఇబ్బంది రాజ్యాంగంలోనే ఉంది. ప్రభుత్వ ఉద్యోగాలకైనా నివాసాన్ని షరతుగా పెట్టే అధికారం 16(3) అధికరణం పార్లమెంటుకే ఇచ్చింది, అసెంబ్లీలకు కాదు. దేశంలో ఎక్కడికైనా వెళ్లి ఉండే హక్కూ, నచ్చిన వృత్తి చేసుకునే హక్కూ 19వ అధికరణంలో ఉన్నాయి. 371–డి రక్షణ తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ ఉద్యోగాలకూ, విద్యాసంస్థలకూ మాత్రమే. ప్రైవేటు కంపెనీ దాని పరిధిలోకి రాదు.

తెలంగాణ వేరే దారి పట్టింది. 2020 ఆగస్టు 5న మంత్రివర్గం ఆమోదించిన విధానం ఎవరినీ బలవంతపెట్టదు. సగం నైపుణ్యం చాలే ఉద్యోగాల్లో 70 శాతం, పూర్తి నైపుణ్యం కావాల్సిన ఉద్యోగాల్లో 60 శాతం స్థానికులకు ఇచ్చే పరిశ్రమలకు అదనపు ప్రోత్సాహకాలిస్తుంది. కోర్టులో నిలబడేది ఇదే దారి అని నా నమ్మకం. పొరుగు రాష్ట్రం నుంచి వచ్చిన పిల్లల నోటి దగ్గరి కూడు లాక్కోకుండా మన పిల్లలకు తోవ చూపించే పద్ధతి కూడా ఇదే. మన పిల్లలు బెంగళూరు, పుణె, డల్లాస్ వెళ్లి బతుకుతున్న రోజుల్లో ఈ సంగతి మరిచిపోకూడదు.

కానీ ఈ అంకెల్లో ఒక వరస ఉంది. 1975లో 80, 70, 60. తెలంగాణలో 70, 60. కర్ణాటక బిల్లులో 70, 50. రాసినవాళ్లు వేరు, కాలాలు వేరు. అయినా పై మెట్టుకు వెళ్లేకొద్దీ స్థానికుల వాటా తగ్గించే రాశారు. పైమెట్టుకు సరిపడా మనవాళ్లు దొరకరని రాసేటప్పుడే ఒప్పుకోవడమిది. గేటు దగ్గర, ప్యాకింగ్ దగ్గర, లోడింగ్ దగ్గర 70 శాతం సులువుగానే నిండుతుంది. ల్యాబులో, డిజైన్ టేబుల్ మీద, కోడ్ రాసే గదిలో 60 నిండాలంటే శాతాలు చాలవు, పని నేర్పాలి.

పని ఎవరు నేర్పారు?

ఈ ప్రాంతం చరిత్రలో దీనికి మంచి జవాబులున్నాయి. 1923లో బేగంపేటలో జాగీర్దార్ల కొడుకుల కోసం పెట్టిన కాలేజీయే ఇవాళ్టి హైదరాబాద్ పబ్లిక్ స్కూల్. సత్య నాదెళ్ల, శంతను నారాయణ్, అజయ్ బంగా చదివింది అక్కడే. అది పైవర్గం పిల్లల కోసం పుట్టిన బడి. మామూలు ఇళ్ల పిల్లలకు పెద్ద బడి వేరే చోట తెరుచుకుంది.

1961లో కేంద్రం ఐడీపీఎల్ సంస్థను పెట్టింది. సోవియట్ సాయంతో దాని మందుల కర్మాగారం బాలానగర్ దగ్గర లేచింది. దానిపైన నైపుణ్య శిక్షణ పథకం అన్న బోర్డేమీ లేదు. కానీ రియాక్టర్ ముందు నిలబడి రసాయన శాస్త్రాన్ని చేతులతో నేర్చుకున్న ఒక తరం అక్కడి నుంచి బయటికొచ్చింది. కల్లం అంజిరెడ్డి అందులో పనిచేసి, 1975లో బయటికొచ్చి, 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. ఆ కంపెనీ ప్రధాన కార్యాలయం చాలా ఏళ్లు అమీర్‌పేటలోనే ఉండేది. 1970 పేటెంట్ల చట్టం మందు తయారీ పద్ధతికే పేటెంటు ఇచ్చి, మందుకు ఇవ్వకపోవడంతో అవకాశం తలుపు తీసింది. ఆ తలుపులోంచి నడవగలిగినవాళ్లు ఇక్కడే తయారై ఉన్నారు. హైదరాబాద్ మందుల రాజధాని అయిందంటే కోటా వల్ల కాదు, జీతమిచ్చి పని నేర్పిన ఫ్యాక్టరీ వల్ల.

డాక్టర్ రెడ్డీస్ ఫౌండేషన్ 1999లో ల్యాబ్స్ అన్న కార్యక్రమం మొదలుపెట్టింది. 18 నుంచి 35 ఏళ్ల వయసున్న, చదువు మధ్యలో ఆగిన పేద యువతకు మూడు నెలల శిక్షణ. దాని ప్రత్యేకత ఏమిటంటే, ముందు చుట్టుపక్కల దుకాణాలు, హోటళ్లు, కంపెనీలు తిరిగి ఎవరికి ఏ పనివాళ్లు కావాలో అడిగి, ఆ తర్వాతే కోర్సు పెట్టేవాళ్లు. ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం గ్రామీణ యువత ఉపాధి కోసం ఈజీఎంఎం పెట్టినప్పుడు ఈ నమూనా ఎంతో ఉపయోగపడింది.

ఇక మైత్రీవనం. 1990ల చివర్లో వైటుకే భయంతో అమెరికాలో మెయిన్‌ఫ్రేమ్, కోబాల్ తెలిసినవాళ్లకు గిరాకీ పెరిగినప్పుడు అమీర్‌పేట గదులు నిండాయి. తర్వాత జావా, ఒరాకిల్, శాప్, డాట్‌నెట్, టెస్టింగ్, ఇప్పుడు క్లౌడ్, డేటా సైన్స్. నీలగిరి బ్లాక్, ఆదిత్య ఎన్‌క్లేవ్ గోడల మీద ఫ్లెక్సీలు మారినంత వేగంగా ఏ విశ్వవిద్యాలయంలోనూ సిలబస్ మారలేదు. ఉచిత డెమో, నచ్చితే బ్యాచ్‌లో చేరిక, జిరాక్సు మెటీరియల్, ఎస్సార్ నగర్‌లో హాస్టల్. చైనాకు చెందిన మానవ శాస్త్రవేత్త షియాంగ్ బియావ్ ఐటీ కూలీల ప్రపంచ మార్కెట్‌ను అధ్యయనం చేయడానికి హైదరాబాద్ వచ్చి, 2006లో అచ్చయిన గ్లోబల్ బాడీ షాపింగ్ పుస్తకంలో ఈ శిక్షణ వ్యాపారాన్నీ రాశారు. ఆ వ్యవస్థకు పెట్టుబడి ఎక్కడి నుంచి వచ్చిందో కూడా ఆయన పట్టుకున్నారు. పొలాల మిగులు, కట్నం డబ్బు. అంటే ఈ రాష్ట్రపు అతిపెద్ద వృత్తి శిక్షణ కార్యక్రమానికి ఖర్చు భరించింది బడ్జెట్ కాదు, అమ్మానాన్నలు.

నేను అమీర్‌పేటను చిన్నచూపు చూడను. గుర్తింపు లేదనీ, సర్టిఫికెట్ విలువ లేదనీ అనేవాళ్లుంటారు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, ఊళ్లోని ఇంజినీరింగ్ కాలేజీలో ల్యాబు తాళం కూడా తీయని నాలుగేళ్లు గడిపిన పిల్లలకు అర్థమయ్యే భాషలో, నెలల్లో, పని చెప్పిన చోటది. కానీ అది ఇవ్వలేనిది ఒకటుంది. కంపెనీ ప్రకటనలో ఏడాది నుంచి మూడేళ్ల అనుభవం అని ఉంటుంది. ఆ మొదటి ఏడాది ఎక్కడ దొరుకుతుంది? ఏ బ్యాచ్‌లోనూ దొరకదు. ఆ ఖాళీలోకే దొంగ ఎక్స్‌పీరియెన్స్ లెటర్లు అమ్మే కన్సల్టెన్సీలు దిగాయి. పిల్లలు అబద్ధాల కోరులై ఆ కాగితాలు కొనడం లేదు. కష్టపడి నేర్చుకున్న పనిని చేసి చూపించే మొదటి అవకాశం ఎవరూ ఇవ్వక కొంటున్నారు. దొరికిపోతే కెరీర్ మొత్తం పోతుందని తెలిసి, భయపడుతూ కొంటున్నారు.

అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీకి మెట్రోలో 10 కిలోమీటర్లు. 2019 మార్చి నుంచి ఆ దూరం నిమిషాల్లో అయిపోతోంది. దాటలేకపోతున్నది ఆ ఒక్క ఏడాదినే.

సర్కారు తరగతి గది

ప్రభుత్వ శిక్షణ కథ పొడుగైనదే. 1978లో జంట నగరాల నిరుద్యోగుల కోసం సెట్విన్ పెట్టారు. పాతవాళ్లకు సెట్విన్ బస్సులుగా గుర్తుంటుంది. 2011లో కిరణ్‌కుమార్ రెడ్డి ప్రభుత్వం రాజీవ్ యువ కిరణాలు ప్రకటించి 2014 నాటికి 15 లక్షల ప్రైవేటు ఉద్యోగాలు లక్ష్యమంది. రాష్ట్రం రెండయ్యాక తెలంగాణలో నైపుణ్య శిక్షణ సంస్థ టాస్క్ వచ్చింది. 2024 ఆగస్టు 1న రంగారెడ్డి జిల్లాలో యంగ్ ఇండియా స్కిల్స్ యూనివర్సిటీకి శంకుస్థాపన జరిగింది. దాని బోర్డుకు ఆనంద్ మహీంద్రాను అధ్యక్షుడిగా నియమించారు.

వీటన్నిటిలో అంకెల పరంగా పెద్దది ఐటీఐల ఆధునికీకరణ. 2024 జూన్ 18న మల్లేపల్లి ఐటీఐలో ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి మొదలుపెట్టిన ఈ పథకంలో 65 ప్రభుత్వ ఐటీఐలు అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మారాలి. మొత్తం ఖర్చు 2,324 కోట్లు, ఒక్కో ఐటీఐకి సగటున 36 కోట్ల దాకా. అందులో టాటా టెక్నాలజీస్ వాటా 2,016 కోట్లు, రాష్ట్రానిది 308 కోట్లు. ఏటా దీర్ఘకాలిక కోర్సుల్లో 15,860 మందికి, స్వల్పకాలిక కోర్సుల్లో 31,200 మందికి శిక్షణ ఇవ్వాలన్నది లక్ష్యం. పాత లేత్ మిషన్ల స్థానంలో రోబోటిక్స్, సీఎన్‌సీ యంత్రాలు. ఇది నిజంగా అవసరమైన పని, ఆలస్యంగానైనా మొదలైంది.

ఎందుకు అవసరమో దేశపు లెక్క చెబుతుంది. కార్మిక శక్తి సర్వే ప్రకారం 2023–24లో 15–29 ఏళ్ల వాళ్లలో లాంఛనంగా వృత్తి శిక్షణ పొందినవాళ్లు 4.9 శాతం. 2015 జాతీయ నైపుణ్య విధానం ఉటంకించిన అంకెల్లో ఇలాంటి శిక్షణ ఉన్న కార్మికుల వాటా జర్మనీలో 75 శాతం, జపాన్‌లో 80, దక్షిణ కొరియాలో 96. ఆ కార్మిక శక్తి సర్వేలోనే దేశ యువతలో నిరుద్యోగం 10.2 శాతం, తెలంగాణలో 16 శాతం పైనే.

అయితే శిక్షణ లెక్కలన్నీ చేరినవాళ్ల దగ్గరో, సర్టిఫికెట్ తీసుకున్నవాళ్ల దగ్గరో ఆగిపోతాయి. ఆ తర్వాత ఏమైందో చూసే అలవాటు ఒకప్పుడు ఇదే ఊళ్లో ఉండేది. అమీర్‌పేట పక్కనే యూసఫ్‌గూడలో ఇవాళ నిమ్స్‌మేగా ఉన్న సంస్థ 1962లో సియెట్ పేరుతో హైదరాబాద్ వచ్చింది. 1964లో హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్‌లెలాండ్ దానితో కలిసి కాకినాడ చిన్న వ్యాపారులకు ఇక్కడ శిక్షణ ఇచ్చారు. కోర్సు కొద్ది రోజులే. అసలు పని ఆ తర్వాత మొదలైంది. శిక్షణ పొందిన 52 మంది రెండేళ్ల తర్వాత ఏం చేస్తున్నారు, కొత్త వ్యాపారం పెట్టారా, ఎంతమందికి పని ఇచ్చారు అని ఒక్కొక్కరినీ వెతికి పట్టుకుని లెక్క తీశారు. శిక్షణ పొందనివాళ్లతో, రాజమండ్రితో పోల్చారు. ఆరు దశాబ్దాల కింద చేసిన పని. ఆధార్, పీఎఫ్ నంబర్లు చేతిలో ఉన్న ఈ రోజుల్లో ప్రతి ఐటీఐ ముందూ నిరుడు చదివినవాళ్లలో ఎంతమంది ఇంకా ఉద్యోగంలో ఉన్నారో, సగటు జీతమెంతో బోర్డు పెట్టలేకపోవడానికి కారణం కనిపించదు.

కోర్సుకీ కంపెనీకీ మధ్య ఏడాదిని పూడ్చాలన్న ఆలోచన కేంద్రానికీ వచ్చింది. 2024 అక్టోబరులో ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం ప్రయోగాత్మకంగా మొదలైంది. మొదటి విడతలో 1.27 లక్షల అవకాశాలు చూపించారు, 82 వేల ఆఫర్లు వెళ్లాయి, 28 వేల మంది ఒప్పుకున్నారు, చేరింది సుమారు 8,700 మంది. నెలకు 5,000 రూపాయలతో ఊరు కాని ఊళ్లో గది అద్దె, మెస్ బిల్లు కట్టుకోవడం ఎంత కష్టమో ఎస్సార్ నగర్ హాస్టల్లో ఎవరిని అడిగినా చెబుతారు.

1961 నాటి చట్టం, నాలుగో అంకె

ఆ అంకె 2.5.

అప్రెంటిస్‌ల చట్టం 1961లో వచ్చింది, 2014లో సవరించారు, 2019లో నిబంధనలు మార్చారు. ఇప్పటి నియమం ప్రకారం 30 మంది, అంతకన్నా ఎక్కువ సిబ్బంది ఉన్న ప్రతి సంస్థా, కాంట్రాక్టు సిబ్బందిని కూడా కలుపుకుని, కనీసం 2.5 శాతం, గరిష్ఠంగా 15 శాతం అప్రెంటిస్‌లను తీసుకోవాలి. ఇది విజ్ఞప్తి కాదు, చట్టం. ఫ్యాక్టరీలకే కాదు, ఐటీ కంపెనీలకూ, ఆస్పత్రులకూ, బ్యాంకులకూ వర్తిస్తుంది. ఐటీఐ చేసినవాళ్లకే కాదు, డిగ్రీ, ఇంజినీరింగ్ చదివినవాళ్లకూ చోటుంది.

తెలంగాణ ఐటీలోని 9.46 లక్షల మంది మీద 2.5 శాతం వేయండి. 23,650 వస్తుంది. 30 మంది లోపున్న చిన్న కంపెనీలను తీసేస్తే కొంత తగ్గుతుంది, అయినా ఎక్కువ ఉద్యోగాలు పెద్ద కంపెనీల్లోనే ఉన్నాయి. 65 ఐటీఐల దీర్ఘకాలిక కోర్సుల లక్ష్యం 15,860. గ్రూప్–4 పోస్టులు 8,180. ఒక్క రంగంలో, ఇప్పటికే ఉన్న చట్టం కింది కనీస నియమం చొప్పున చూసినా ఈ రెండిటినీ విడివిడిగా దాటే సంఖ్య అది. అది కూడా జీతం లాంటి భత్యంతో, నిజమైన పని మీద, నిజమైన అనుభవ పత్రంతో. గరిష్ఠంగా 15 శాతం తీసుకుంటే 1.4 లక్షలు దాటుతుంది. అమీర్‌పేట గదుల్లో నేర్చుకునే పిల్లలకు దొరకని తొలి ఏడాది ఇదే.

మరి కంపెనీలు ఎందుకు ఎగబడవు? వెయ్యి మంది ఉన్న కంపెనీ లెక్క చూద్దాం. కనీసం 25 మందిని తీసుకోవాలి. డిగ్రీ ఉన్నవాళ్లకు 2019 నిబంధనల్లో కనీస భత్యం నెలకు 9,000. ఏడాదికి 27 లక్షలు. డిగ్రీ, డిప్లొమా అప్రెంటిస్‌ల పథకం కింద కేంద్రం అందులో సగం భరిస్తే కంపెనీకి పడేది 13.5 లక్షలు. తీసుకోకపోతే జరిమానా? భర్తీ చేయని ఒక్కో చోటుకు మొదటి మూడు నెలలు నెలకు 500, ఆ తర్వాత నెలకు 1,000. 25 చోట్లకు ఏడాదికి 2,62,500. చట్టాన్ని పాటించడం కన్నా ఉల్లంఘించడం ఐదు రెట్లు చవక. 2014 సవరణకు ముందు జైలు శిక్ష ఉండేది, దాన్ని తీసేశారు. జైలు అక్కర్లేదని నేనూ ఒప్పుకుంటాను. కానీ జరిమానా భత్యం కన్నా ఎక్కువ ఉండాలన్నది మామూలు లెక్క.

ఇంకో చిక్కు ఉంది. నాలుగు, అంతకన్నా ఎక్కువ రాష్ట్రాల్లో నడిచే సంస్థల మీద ఈ చట్టం కింద అజమాయిషీ కేంద్రానిది. హైటెక్ సిటీ, గచ్చిబౌలిలోని పెద్ద కంపెనీలు చాలావరకు ఆ కోవలోవే. జరిమానా కూడా కేంద్ర చట్టంలోనే ఉంది. కాబట్టి కర్ర రాష్ట్రం చేతిలో లేదు.

ప్రోత్సాహకం మాత్రం ఉంది. భూమి, విద్యుత్ రాయితీ, స్టాంపు డ్యూటీ మినహాయింపు, పన్ను వాపసు, వీటిని ఏ కంపెనీకి ఏ షరతుతో ఇవ్వాలో రాష్ట్రమే నిర్ణయిస్తుంది. 2020 ఆగస్టులో ఆమోదించిన స్థానిక ఉపాధి విధానంలో ఇప్పుడున్న 70, 60 శాతాల పక్కన ఇంకో రెండు వాక్యాలు చేరిస్తే చాలు. అదనపు ప్రోత్సాహకం కావాలంటే కంపెనీ కనీసం 5 శాతం అప్రెంటిస్‌లను తీసుకోవాలి, వాళ్లలో ఎంతమందికి ఉద్యోగమిచ్చిందో ఏటా ప్రకటించాలి. కోర్సు ఎక్కడ నేర్చుకున్నారన్నది అడగకూడదు, మల్లేపల్లి ఐటీఐ అయినా, మైత్రీవనం మూడో అంతస్తు అయినా. రాష్ట్రం తన వంతుగా ఒక్కో అప్రెంటిస్‌కు నెలకు 3,000 కలిపితే గది అద్దె గండం తప్పుతుంది. 23,650 మందికి ఏడాదికి అయ్యేది 85 కోట్లు. ఐటీఐల పథకంలో రాష్ట్రం పెడుతున్న 308 కోట్లతో మూడున్నరేళ్లు నడపవచ్చు. దీనికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు, అసెంబ్లీలో బిల్లు అక్కర్లేదు. మంత్రివర్గ నిర్ణయం, దాని వెనక ఒక జీవో చాలు.